నాలుగు గంటల మీటింగ్

“ఏం మీటింగ్‌రా?” ఎస్సై మళ్ళీ అడిగాడు.

మొగిలి నేలకేసి చూశాడు. చేతులు వణుకుతుంటే రెండూ చంకల్లో దాచుకున్నాడు. అతను తాగక అప్పటికి తొమ్మిది రోజులు.

సకల జనుల సమ్మె మొదలై మూడో వారం. బస్సుల్లేవు. పొద్దున్నే కథలాపూర్‌లో బయలుదేరి కోరుట్ల దాకా నడిచే వచ్చాడు మొగిలి. ఊరి మొదట్లో రాస్తారోకో చేస్తున్నవాళ్ళను పోలీసులు వ్యానెక్కిస్తున్నారు. ఒక కానిస్టేబుల్ అతన్ని ఆపి “యాడికి పోతున్నవ్?” అంటే “మీటింగ్‌కు” అన్నాడు. ఆ ఒక్క మాటకే అతన్నీ ఎక్కించేశారు. ఇప్పుడు అందరితోపాటు ఈ ఫంక్షన్ హాల్లో, పెళ్ళివాళ్ళు కూర్చునే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు.

గోడ గడియారం మూడున్నర దాటింది. మీటింగ్ నాలుగింటికి.

వైర్‌లెస్ మోగితే ఎస్సై అవతలికి వెళ్ళాడు. పక్క కుర్చీలో ఉన్న కొమురెల్లి మొగిలి మీదికి వంగాడు. ఆర్టీసీ కండక్టరతను, సమ్మెలో ఉన్నాడు.

“బెదురకు అన్నా. మీటింగ్ ఏడనో, ఎవలు పెడుతున్నరో పానం పోయినా చెప్పకు. అందర్ని గుంజుకస్తరు.” అంతటితో ఆగక లేచి నిలబడి అరిచాడు. “గీ అన్న కథలాపూర్ కెల్లి నడుసుకుంట అచ్చిండు, మీటింగ్ కోసం! జై తెలంగాణ!”

“జై తెలంగాణ!” హాలు దద్దరిల్లింది. ఎవరో తన మెడలోని కండువా తీసి మొగిలి మెడలో వేశారు. ఇంకెవరో నీళ్ళ ప్యాకెట్ అందించారు. సొంతూళ్ళో మొగిలి ఎదురొస్తే జనం పక్కకు తప్పుకుంటారు. ఇక్కడ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

మూడూ నలభై. మొగిలి లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఇంటి దగ్గర భార్య సుమలత సంచి సర్దుకుని కూర్చుంది. “గీ ఒక్క మీటింగ్‌కు పోయిరా. పోయినవో లేదో నీ మొఖమే చెప్తది. పోలేదంటే బిడ్డను తీస్కొని సారంగాపూర్‌ల మా అవ్వగారింటికి పోత, మల్ల రాను” అంది. ఆమె ఏడుస్తూ అని ఉంటే ఇంత భయం ఉండేది కాదు. నిమ్మళంగా అంది.

ఎస్సై తిరిగి రాగానే మొగిలి ఎదురు వెళ్ళాడు.

“సారూ, నన్ను ఇడిసిపెట్టుండ్రి. ఒక్క గంట. మల్ల నేనే అచ్చి గీడ కూసుంట.”

“ఏం మీటింగో చెప్పు. ఇప్పుడే పంపిస్త.”

“చెప్పకన్నా!” వెనక నుంచి కొమురెల్లి.

మూలన బల్ల దగ్గర హెడ్ కానిస్టేబుల్ కనకయ్య, పట్టుకొచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాడు. “పేరు, ఊరు చెప్పిండు సారు. గదొక్కటే చెప్తలేడు” అన్నాడు తలెత్తకుండానే.

“చెప్పకుంటే కేసు రాస్త. జైలుకు పోతవ్” అన్నాడు ఎస్సై.

జైలన్నా మొగిలికి భయం వెయ్యలేదు. గడియారం చూస్తేనే వేసింది. తొమ్మిది రోజులుగా లోపల ఎవరో గోళ్ళతో గీరుతున్నట్టుంది. ఈ మీటింగ్ తప్పితే, తిరిగి వెళ్ళే దారిలో ఏ కల్లు దుకాణం ముందు తన కాళ్ళు ఆగుతాయో అతనికి బాగా తెలుసు.

మెడలోని కండువా తీసి, మడిచి, కుర్చీ మీద పెట్టాడు.

“తాగుడు మానెటోళ్ల మీటింగ్ సారు.” మొదట గొణిగాడు. ఈసారి గట్టిగా అన్నాడు. “నేను తాగుబోతును. ఇంట్ల పిల్లకు అన్నం లేకున్న తాగినోన్ని. నా అసొంటోళ్లందరు ఒక్కతాన కూసుండి మాట్లాడుకుంటె బంద్ అయితదని దవాఖాన్ల నర్సు చెప్తె అచ్చిన. తెలంగాణ మీటింగ్ కాదు సారు.”

వెనకెక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు. కొమురెల్లి తన కుర్చీని కాస్త అవతలికి జరుపుకున్నాడు.

“తాగుబోతులకు గూడ మీటింగా!” ఎస్సై నవ్వాడు. “ఏడ?”

“చర్చి ఎనుక బడిల సారు. మూల గది.”

“దొరికినవ్ కొడుకా! సమ్మెల బడులన్ని బంద్. గా బడికి తాళమేసి పదిహేను రోజులాయె. తాళమేసిన గదిల మీటింగ్ ఎట్ల పెడుతరు?”

తాళం సంగతి మొగిలికి తెలియదు. అంత దూరం నడిచింది మూసిన తలుపు దగ్గరికా? మూడూ యాభై. కుర్చీలో కూలబడ్డాడు.

“కనకయ్యా, వీడు అబద్ధాలు చెప్తున్నడు. రాయి” అన్నాడు ఎస్సై.

కలం కదల్లేదు. కనకయ్య టోపీ తీసి బల్ల మీద పెట్టి, హాల్లో అందరూ చూస్తుండగా లేచి నిలబడ్డాడు. జేబులోంచి ఒక తాళంచెవి తీసి ఎస్సై ముందు పెట్టాడు.

“అబద్ధం కాదు సారు. గా మీటింగ్‌కు గది తీసెటోన్ని నేనే. నేను మందు ముట్టక నాలుగేండ్లాయె.”