పన్నెండో రోజు గుడ్లు

తెల్లవారేసరికి గంప పక్కన నల్లటి ఈకలు మాత్రమే ఉన్నాయి.

"కుక్క పట్టింది" అంది రిబ్కమ్మ.

ఏడవలేదు. వంగి, గంపలో చెయ్యి పెట్టి చూసింది. పదకొండు గుడ్లు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

పెట్టను పొదగేసి ఆ రోజుకు పన్నెండో రోజు.

వానాకాలంలో కొక్కెర రోగం వచ్చి ఊళ్ళో కోళ్ళన్నీ పోయాయి. రిబ్కమ్మ తల్లి నాటి నుంచి వస్తున్న నల్లకోళ్ళలో మిగిలింది ఆ ఒక్క పెట్టే. ఈ గుడ్లు చల్లబడితే ఆ జాతి అక్కడితో సరి.

"నారాయణఖేడ్‌ల పొదిగే మిషన్ దొరుకుతదట అవ్వా" అన్నాడు కొడుకు జేమ్స్.

గుడ్లను పాత చీరలో చుట్టి కడుపుకు కట్టుకుంది. షేర్ ఆటోలో పక్కనామె జర జరగమంది.

"నా ఒళ్ళె పదకొండు మంది పిల్లలున్నరు. నువ్వే జరుగు."

సంగమేశ్వర్ దాణా దుకాణంలో ఉన్నవి రెండే మిషన్లు.

ఒకటి పెద్దది. అద్దాల తలుపు, వెలిగే అంకెలు. గుడ్లను అదే తిప్పుతుంది.

రెండోది థర్మాకోల్ పెట్టె. లోపల బల్బు, పక్కన బ్యాటరీకి రెండు వైర్లు. గుడ్లను చేత్తోనే తిప్పుకోవాలి.

జేమ్స్ కళ్ళు పెద్దదాని మీదే ఉన్నాయి.

"మీ ఊర్ల కరెంటు ఎట్లుంటది తమ్మీ?"

అడిగింది దుకాణం బల్ల మీద కూర్చున్న మనిషి. నెరిసిన మీసాలు. ఒళ్ళో తువ్వాలు చుట్టిన పాల క్యాను.

"గాలొస్తే పోతది" అన్నాడు జేమ్స్.

"అట్లయితే చిన్నది తీసుకో."

రిబ్కమ్మ అడ్డుపడింది. "నీకెందుకు పెద్దమనిషీ? నీ కమిషన్ ఎంత?"

ఆయన నవ్వాడు. "గుడ్లకు ఎన్ని దినాలైంది అక్కా?"

"పన్నెండు."

ఆ నవ్వు ఆగిపోయింది. తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి కాసేపు అట్లాగే ఉంచాడు.

"సగం దారి దాటినయ్" అన్నాడు మెల్లగా.

సంగమేశ్వర్ పెద్ద మిషన్ ఆన్ చేసి చూపించాడు. అంకెలు ముప్పై రెండు, ముప్పై మూడు అంటూ ఎక్కుతుండగా కరెంటు పోయింది.

దుకాణంలో వెలుగుతున్నది ఒక్క థర్మాకోల్ పెట్టెలోని బల్బే.

రిబ్కమ్మ ఒక గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకుంది. "సల్లవడుతున్నయ్ రా."

"చిన్నదే ఇయ్యన్నా" అన్నాడు జేమ్స్.

సంగమేశ్వర్ కదల్లేదు. బల్ల వైపు చూశాడు. "గిది..."

"ఇయ్యి. ఏంగాదు" అన్నాడు ఆయన.

"సైగలు చూసినవా?" రిబ్కమ్మ కొడుకు చెవిలో, అందరికీ వినపడేలా అంది. "ఇద్దరు ఒక్కటే."

అయినా బ్యాటరీతో సహా కొన్నారు. గుడ్లను అక్కడే పెట్టెలో సర్దింది.

"పద్దెనిమిదో దినం తిప్పుడు బంద్ చెయ్యి అక్కా. లోపల నీళ్ళ గిన్నె మరవకు" అన్నాడు బల్ల మీది ఆయన.

"నాకు నేర్పుతవా? ఎండెక్కుతుంది. పాలు విరిగిపోతయ్, ముందు నువ్వు ఇంటికి పో."

"అవునక్కా, ఇగ పోత."

క్యాను గుండెలకు ఆనించుకుని బస్టాండు వైపు నడిచాడు.

మిగిలిన తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లు కరెంటు పోయింది. ఒకసారి రోజంతా రాలేదు. అయినా తొమ్మిది గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. తొమ్మిదీ నల్లవే.

నెల తిరిగాక రిబ్కమ్మ చిన్న బుట్టతో దుకాణానికి వచ్చింది. అందులో రెండు పిల్లలు.

"ఏడి నీ కమిషన్ దోస్తు? ఆయన మాటే నిజమైంది. గీ జోడి ఆయనకియ్యి."

సంగమేశ్వర్ దాణా తూచడం ఆపాడు.

"దేవప్పనా? చెరుకు కొట్టుడుకు కర్ణాటక పోయిండు పెద్దమ్మా. ఆయనది నాగల్‌గిద్ద దిక్కు ఊరు. ఇంటికి తాళమే."

"మల్ల ఎప్పుడొస్తడు?"

"ఎరుక లేదు. గా చిన్న మిషన్ ఆయనదే. పది దినాల ముందే చెప్పి తెప్పిచ్చుకున్నడు. ఆ పొద్దు తీసుకపోనీకే వచ్చిండు."

రిబ్కమ్మ బుట్ట కింద పెట్టింది.

"మరి నోరు తెరవకపాయె?"

"మీరు పోయినంక నేనూ అడిగిన. సగం దారి దాటినోళ్ళను ఆపొద్దన్నడు. వారం దినాలకు ఇంకో మిషన్ వస్తే ఫోన్ చేసిన. ఇగ దాంతోటి పని లేదన్నడు."

"పాలమ్ముకునేటోనికి మిషన్ ఎందుకు బిడ్డా?"

సంగమేశ్వర్ బల్ల వైపు చూశాడు.

"పాలెక్కడియి పెద్దమ్మా, గా క్యాన్‌ల ఊక పోసి, ఐదు దినాలు పొదిగిన గుడ్లు పెట్టుకొచ్చిండు."