పన్నెండు రోజులు

"కోర్టు కాడ వానితో ఒక్క మాట గూడా మాట్లాడొద్దు. చెప్పినా కదా," అన్నాడు ఓబుళేశు బూటు లేసు బిగిస్తూ.

ఆయన భార్య నాగలక్ష్మమ్మ కూతురి మంచం పక్కనున్న నీలం ప్లాస్టిక్ ట్రే ముందు కూర్చుంది. శివాని మందులు, ఎక్స్‌రేలు, ఆసుపత్రి కాగితాలు అన్నీ అందులోనే. ఓబుళేశు డ్యూటీ నుంచి వస్తూ తెచ్చిన సామానుతో ఇంటికి చేరిన ట్రే అది. కానిస్టేబుల్ ఇంటికి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఎవరిచ్చారని ఆమె ఏనాడూ అడగలేదు. ట్రే పక్కన ఎవరో తెల్ల పెయింటుతో త్రిశూలం వేశారు. శివయ్య గుర్తు కదా, మంచి జరుగుతుందని కూతురి మందులకు ఏరికోరి దాన్నే పెట్టుకుంది. రోజూ ఆ త్రిశూలాన్ని తాకి కళ్లకద్దుకున్నాకే మాత్ర తీస్తుంది. ఈరోజూ అలాగే తీసింది.

"మా, వానికి జైలు పడతాదా?" అడిగింది శివాని. పంతొమ్మిదేళ్ల పిల్ల, మూడు నెలలుగా కుడికాలికి ఇనుప కడ్డీలతో మంచానికే అతుక్కుపోయింది.

"పడాల. నా ఉసురు తగలకుండా యాడికి పోతాడు?"

కోర్టు వరండాలో లాయరు జ్ఞానమణి వాళ్ల కోసమే ఎదురుచూస్తోంది. సంగతి చిన్నదే, నష్టమే పెద్దది. ఉమామహేశ్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు తన మినీ లారీలో పత్తికొండ మార్కెట్టుకు టమోటాలు తీసుకుపోతూ, తెల్లవారగానే వచ్చే కాలేజీ బస్సు కోసం నిలబడ్డ శివానిని గుద్దేశాడు. బండి ఇన్సూరెన్సు అప్పటికి పన్నెండు రోజుల ముందే అయిపోయింది.

"ఇన్సూరెన్సు ఉండింటే పాప ఆపరేషన్‌కు కంపెనీ కట్టేది. ఇప్పుడు వాడే కట్టాల," అంది జ్ఞానమణి. "వాని దగ్గర ఏముండాది? స్టేషన్లో ఎండకు ఎండతాండే ఆ బండి తప్ప."

ఇంకొక ఆపరేషన్ చేయకపోతే శివాని నడవలేదని డాక్టరు చెప్పి నెల దాటింది.

"వాడు తప్పు ఒప్పుకుంటాడంట కదా మేడమ్," అన్నాడు ఓబుళేశు. "జరిమానానో జైలో, ఈ పొద్దే తెంపేయమనండి. సాగదీసి విచారణలు మాకొద్దు."

నాగలక్ష్మమ్మకు ఒళ్లు మండింది. ఇంట్లో పులిలా గర్జించే మనిషి ఇక్కడ పిల్లిలా అయిపోయాడు. ఆ కుర్రాడు కనబడితే చాలు, స్తంభం చాటుకు తప్పుకుంటాడు. వాడి ముందు నోరైనా విప్పడు. ఎదురుపడితే చంపేస్తానేమోనని కోపం దిగమింగుతున్నాడు కాబోలు అని సరిపెట్టుకుంది. పాపం, ఆయన బాధ ఆయనది. ఆ రోజు నుంచి టమోటా ముట్టడం లేదు, చారులో ముక్క కనబడినా కంచం నెట్టేస్తున్నాడు. బిడ్డ కాలు విరిచిన బండిలో ఉన్నవి అవే కదా, ఆయనకు గొంతు ఎలా దిగుతుంది?

ఓబుళేశు సంతకాలకని లాయరు వెంట లోపలికి వెళ్లాడు. నాగలక్ష్మమ్మ కొంగు బిగించి వరండా దాటింది.

"ఏమప్పా, నా బిడ్డను గుద్దింది నువ్వేనా?"

ఉమామహేశ్ దిగ్గున లేచాడు. చేతిలో గడువు దాటిన ఇన్సూరెన్సు కాగితం నలిగిపోయి ఉంది.

"నేనేమ్మా. టమోటాకు రేటొస్తే కడదామని ఆగితి. ఇంగ ఒక్క వారం, ఇంగ ఒక్క వారం అనుకుంటాంటి."

"నీ వారానికి నా బిడ్డ కాలు పాయె గదరా!"

కుర్రాడు తల దించుకున్నాడు. కన్నీళ్లు ఆ కాగితం మీదే పడ్డాయి.

"ఆ పొద్దు పోలీసులు నా బండి పట్టుకునింటే ఎంత బాగుండునో అని దినామూ ఏడుస్తాండామ్మా. తెల్లారుజామున దోవలో ఒక పోలీసాయప్ప ఆపినాడు. కాగితాలు చూసినాడు. ఇన్సూరెన్సు లేదు, బండి స్టేషన్‌కు తిప్పు అన్నాడు. తిప్పించింటే పాపకు ఏమీ అయ్యేది కాదు."

"మరి ఎందుకు వదిలినాడు?"

"ఒక ట్రే టమోటాలు దింపించుకోని పొమ్మన్యాడు. గంట గూడా కాలే, పాప అడ్డమొచ్చె."

నాగలక్ష్మమ్మ ఒక అడుగు ముందుకేసింది. మూడు నెలలుగా ఈ కుర్రాడి కోసం దాచుకున్న తిట్లన్నీ ఇంకొకడి మీదికి మళ్లాయి.

"ఒక ట్రే టమోటాలకా! వాని చేతులు పడిపోను! వాని ఇంట్లో ఆడబిడ్డ లేదా? ఎవడో చెప్పు. మా ఆయన గూడా పోలీసే. వాని ఉద్యోగం ఊడబెరికిస్తాం."

"మొగం కనపడలేదమ్మా. టార్చిలైటు కండ్లల్లోకి కొట్టినాడు. గొంతు వింటే మాత్రం గుర్తుపడతా."

"గొంతుతో యాడ వెతికేది? ఇంగేమన్నా ఆనవాలు చెప్పప్పా. ఆ ట్రే వాని దగ్గరే ఉండిపాయెనా?"

"ఆడనే ఉండిపాయమ్మా. మండీవాళ్లది అది. ఒకటి తక్కువొచ్చిందని ఇప్పటికీ అడుగుతాండారు."

సంతకాలు ముగించుకుని ఓబుళేశు గుమ్మంలోకి వచ్చాడు. భార్య ఎవరితో మాట్లాడుతోందో చూసి అక్కడే ఆగిపోయాడు. ఆమెను పేరుపెట్టి పిలవను కూడా లేదు.

"ఎట్లుంటాది ఆ ట్రే?" అడిగింది నాగలక్ష్మమ్మ.

"నీలం రంగుదమ్మా," అన్నాడు ఉమామహేశ్ కళ్లు తుడుచుకుంటూ. "పక్కన తెల్ల పెయింటుతో త్రిశూలం ఏసింటాది."