ముగింపు గంట

"ఆ పేజీ చింపెయ్ సార్," అంది సుధారాణి, నెత్తిమీది చింతపండు తట్ట ఇంకా దించకుండానే.

వేదిక మీద నాగభూషణం సారు తల ఎత్తలేదు. రిటైరయ్యాక ఆరేళ్లు కష్టపడి ఏటిగడ్డ సంత చరిత్ర రాసిన పెద్దమనిషి ఆయన. ఈ పూట దాన్ని ఊరందరి ముందు చదివించి, రేపు ధర్మవరం ప్రెస్సుకు పంపాలి.

"ఏ పేజీ?"

"మా తాతది. తాగి పండుకొని గంట కొట్టలేదని రాసినావంట గదా."

"రాసినా. చరిత్ర అంటే నీ చింతపండు కాదమ్మా, నచ్చని పిక్క తీసి పారేసేదానికి."

కుర్చీల్లోని జనం నవ్వారు. వాళ్లకు ఇలాంటి నవ్వు కొత్త కాదు.

డెబ్బై ఏళ్ల కిందట, ఒక సోమవారం, చిత్రావతి ఏరు పొంగి సంత మీద పడింది. పద్నాలుగు మంది పోయారు. ఆ సంతకు ఒక కట్టుబాటు ఉండేది. ముగింపు గంట మోగేదాకా ఎవరూ దుకాణం ఎత్తరాదు. మోగిన తర్వాత ఎవరినీ సుంకం అడగరాదు. ఆ రోజు నీళ్లు మోకాళ్లకు వచ్చినా, గంట మోగలేదు కదా అని జనం మూటలు నెత్తిన పెట్టుకుని అక్కడే నిలబడ్డారు. అంత అమాయకపు జనం ఇంకే ఊళ్లోనూ ఉండరు. గంట కొట్టే పని సుధారాణి తాతది. ఆయనా ఆ నీళ్లలోనే పోయాడు. అప్పటినుంచి ఆ ఇంటికి 'గంట మింగినోళ్లు' అని పేరు పడింది. సుధారాణి తట్ట దగ్గర బోణీ చేసే ఊరివాడు ఈనాటికీ లేడు. ముదిగుబ్బ బస్సు దిగే పరాయివాళ్లే ఆమెకు తొలి బేరం.

"పైగా నా కూతురి చేతే చదివిస్తాండావు. ఊర్లో వేరే బిడ్డలే లేరా?"

"పదో తరగతిలో గట్టిగా చదివేది హరితే. ఇంటి సంగతి తెలుసుకోనీలే."

హరిత మైకు పట్టుకుని తల దించుకుంది. సుధారాణి వేదికకు ఇంకో అడుగు దగ్గరికి జరిగింది.

"మా తాత తాడు లాగినాడు సార్. శవం దొరికినప్పుడు అరచేతుల్లో తోలు లేదంట."

"లాగితే మోగదా? ఏదీ ఆధారం? నా దగ్గర ఉండాది చూడు."

ఏటిగాలికి కాగితాలు ఎగిరిపోకుండా పైన పెట్టిన ఇనుప గుండును ఆయన అరచేత్తో తట్టాడు. సొరపిందె ఆకారంలో ఉంది. పైకొసన బెజ్జం, కింద రెండు పక్కలా అరిగి చదునైన మచ్చలు.

"ఆ ఏడు సంత సుంకం వేలం పాడింది మా నాయన. ఇది ఆయన తూకం గుండు. ఏరు పొంగుతాండాదని తెలిసి కూడా ఆఖరి తట్టదాకా సుంకం వసూలు చేసినాడు. అన్నీ ఏటికి పోయినా దీన్ని మాత్రం వదల్లేదు. రాళ్లకు కొట్టుకొని ఎట్ల అరిగిందో చూడు. చచ్చేదాకా నూనె రాసి, తలకింద పెట్టుకొని పండుకొన్యాడు. ఇంట్లో మమ్మల్ని కూడా ముట్టనిచ్చినోడు కాదు. పని మీద భక్తి అంటే అదమ్మా!"

"గంటోళ్లకు ఆ భక్తి యాడిది సార్?" అన్నాడు ముందు వరుసలోని గొర్రెల వ్యాపారి ఈరప్ప.

మళ్లీ నవ్వులు.

వేదిక పక్కనే రెండు రాతి స్తంభాల నడుమ ఆ గంట వేలాడుతోంది. వరద తీశాక ఇసుకలో దొరికింది. లోపలి నాలుక మాత్రం దొరకలేదు. ఏటికి కొట్టుకుపోయిందన్నారు. గంట మూగదైనా, ఏటా దాన్ని చింతపండుతో తోమే చాకిరీ మాత్రం సుధారాణి ఇంటికి తప్పలేదు. పాత నాలుక కొట్టీ కొట్టీ లోపల అటొకటి ఇటొకటి పడిన రెండు గుంతలు ఆమె బొటనవేలికి చిన్ననాటినుంచీ తెలుసు.

నాగభూషణం లేచి నిలబడ్డాడు. పదిమందిలో తనను నిలదీసిన ఆడమనిషిని ఊరికే వదిలే రకం కాదాయన.

"సరే, అందరూ వినండప్పా! సుధారాణి తాడు లాగి ఆ గంట మోగించనీ. మోగితే ఆ పేజీ నా చేత్తో నేనే చింపేస్తా."

నాలుక లేని గంట! జనం గొల్లుమన్నారు.

"కానీమ్మా, మీ తాత చెయ్యంది నువ్వన్నా చెయ్యి!" అని అరిచాడు ఈరప్ప.

సుధారాణి తట్ట దించింది. చుట్టూ చూసింది. బరువూ బెజ్జమూ రెండూ ఉన్న వస్తువు ఆ దరిదాపుల్లో ఒక్కటే కనిపించింది. విసురుగా పోయి దాన్ని లాక్కుంది. కాగితాలన్నీ గాలికి లేచి జనం నెత్తిన పడ్డాయి.

"ముట్టుకోవద్దు! మా నాయనది అది!"

"మోగించమన్యావు గదా సార్. నీ మాటే నిలబెడతాండా."

కాగితాల వెంట పడాలో గుండు వెంట పడాలో ఆయన తేల్చుకునేలోపు, ఆమె గంట కింది రాతిగట్టు ఎక్కి, లోపలి కొక్కేనికి గుండు తగిలించి, దిగి, రెండు చేతులా తాడు లాగింది.

గంట ఖంగుమంది. ఏటి అవతలి ఒడ్డున గొర్రెలు బెదిరాయి. సుధారాణి తాడు వదలకుండా, తల ఎత్తి గంట లోపలికి చూసింది.

గుండు మీది చదును మచ్చలు రెండూ సరిగ్గా ఆ రెండు గుంతల్లోనే పడుతున్నాయి.