అక్కకు చెప్పిన ఆట

వాల్దెమార్ పెట్టెతో ఇంట్లో అడుగుపెట్టేసరికి ఎవరో ముసలాయన అతని కుర్చీలో కూర్చుని, కాల్చిన సార్డీన్ చేపకు ముళ్లు తీస్తున్నాడు.

తీసిన ముక్కను రొట్టె మీద పెట్టి ఒతీలియా చేతికి అందించాడు. చూపులేని అక్క అది తిని హాయిగా నవ్వింది.

"ఎవరు మీరు?"

"నా పేరు అబీలియు బాబూ, నువ్వు ఊరొదిలాక ఎదురింట్లో దిగినవాణ్ణి. వలలు బాగుచేసుకుంటూ ఉంటాను. కూర్చో, చేపలు వేడిగా ఉన్నాయి."

తన ఇంట్లో తనకే మర్యాదలు చేస్తున్నాడు.

లిస్బన్‌లో పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుకు డిఫెండర్‌గా ఆడి, ఆట మానేసి, ఎన్నో ఏళ్లకు సముద్రం ఒడ్డునున్న సొంతూరు పెనిష్ అప్పుడే చేరాడు వాల్దెమార్. తల్లి లేని తనను పెంచింది ఒతీలియానే. ఇక అక్కను కూర్చోబెట్టి చూసుకోవాలనుకున్నాడు.

మర్నాడు బంగాళాదుంపలు వేసి చేపల కూర వండాడు.

"బాగుందిరా. అబీలియు అయితే ఉల్లిపాయ ఇంకాస్త మగ్గనిస్తాడు," అంది అక్క.

లిస్బన్ నుంచి తెచ్చిన ఉన్ని శాలువా ఆమె భుజాన కప్పాడు.

"అబీలియూ, ఈ రంగు నాకు నప్పిందా?" అక్క పక్కనే ఉన్న ముసలాయన వైపు తిరిగి అడిగింది.

ఆ సాయంత్రమే వాల్దెమార్ ముసలాయన్ని గుమ్మంలో ఆపేశాడు.

"నేనొచ్చేశానుగా. ఇక నువ్వు రానక్కర్లేదు."

"నావల్ల ఏం తప్పు జరిగింది బాబూ?"

"రోజూ వచ్చి తిష్ఠ వేస్తే ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు?"

"ఊళ్లోవాళ్లు అనేదంతా పట్టించుకుంటే..." అబీలియు ఏదో అనబోయి మింగేశాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"అబీలియు రావడం లేదేంరా?" రోజూ అడిగేది అక్క.

"పనుందేమో," అనేవాడు. లోలోపల సంతోషంగా ఉండేది.

చలికాలం మొదట్లో, వలల మధ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు అబీలియు.

శ్మశానం నుంచి తిరిగొచ్చాక అక్క బల్ల దగ్గర కూర్చుంది.

"నీ ఆటలన్నీ ఆయన కళ్లతోనే చూశానురా," అంది. "కేఫ్‌లో టీవీ చూసొచ్చి, ఈ బల్ల మీద రొట్టె ముక్కల్ని ఆటగాళ్లలా పేర్చి, నా చేత తడిమించేవాడు. ఇదిగో, ఇక్కడున్నది మన వాల్దెమార్, అనేవాడు."

"నేనాడిన ఆ కప్పు ఫైనల్ కూడా చెప్పాడా?"

"దాన్నే బాగా చెప్పాడు. చివరి నిమిషంలో గోల్లోకి పోయే బంతికి నువ్వు అడ్డం పడ్డావట. జనమంతా లేచి నిలబడ్డారట."

"ఇంకెవరూ ఏమీ చెప్పలేదా?"

"ఏం చెబుతారు? ఆ మర్నాడు ఎవడో కేఫ్‌లో నీ పేరెత్తి వాగితే అబీలియు వాడి పన్ను రాలగొట్టాడట. అంత నెమ్మదస్తుడికి ఆ కోపమేమిటో. అడిగితే చెప్పనే లేదు. ఆ తర్వాత ఈ వీధిలో ఎవరూ ఆ ఆట ఊసెత్తలేదు."

వాల్దెమార్ బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఆ చివరి నిమిషంలో తన కాలికి తగిలిన బంతి సొంత గోల్లోకే పోయి కప్పు చేజారిందని దేశమంతా ఎరుగును. ఆ మాట అక్క చెవిన పడకుండా ఇన్నాళ్లూ అడ్డం నిలబడింది, తాను గుమ్మంలోంచి వెళ్లగొట్టిన ఆ ముసలాయనే.