చీపురుపుల్ల సారు

ఆ శుక్రవారం కూడా వీరబ్రహ్మం పట్టిన చేపను పట్టినట్టే నీళ్లలో వదిలేశాడు.

గట్టున కూర్చున్న పోచన్నకు కడుపు మండింది.

అరబ్బు దేశపు రేవు రైసూత్‌లో ఫ్యాక్టరీలు దాటాక, కొండ మీంచి దిగి సముద్రంలో కలిసే చిన్న నీటిపాయ అది. సెలవు రోజు పొద్దున్నే ఇద్దరూ అక్కడికి చేరతారు. పోచన్న కంపెనీ క్యాంపులో ఉండి సైట్‌లో సెంట్రింగ్ పని చేసుకునే మనిషి. వీరబ్రహ్మం ఏదో ఆఫీసులో ఇంజనీరు, కడప వైపు వాడు. అంతకు మించి ఆయన గురించి పోచన్నకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆయన గాలం కర్రను చూస్తేనే పోచన్నకు నవ్వొచ్చేది. చలి దేశాల కొండవాగుల్లో ట్రౌట్ అనే చేపలుంటాయట, వాటి కోసం చేసిందట. చిటికెన వేలంత లావు కూడా ఉండదు. చేతికిస్తే బరువే తెలియదు. ముక్కలుగా విప్పి పొడుగాటి డబ్బాలో పెట్టుకుంటాడు. ఇంట్లో ఇంకా ఉన్నాయట గానీ ఇదంటేనే ప్రాణమట.

ఎర కూడా ఉత్తుత్తిదే. కోడి ఈకకు దారం చుట్టి పురుగులా చేస్తాడు. చేప నోరు చిరగకూడదని కొక్కెం ముల్లును పటకారుతో నొక్కేస్తాడు.

పోచన్న ఆయనకు చీపురుపుల్ల సారు అని పేరు పెట్టాడు.

ఆ చీపురుపుల్లకే చేపలు పడేవి. పోచన్న లావు నైలాన్ దారం వైపు ఒక్కటీ వచ్చేది కాదు.

అలాగని పోచన్న చేపలు తెలియనివాడేం కాదు. ధర్మపురి దగ్గర గోదావరిలో వల విసిరిన చెయ్యి అతనిది. ఇక్కడ వల లేదు, వల చేతికి గాలం లొంగలేదు. అయినా మొదటి రోజే గొప్పగా చెప్పుకున్నాడు.

"మేం గంగపుత్రులం సారూ. మా ఇంట్ల కొన్న చేప పొయ్యి ఎక్కది."

వీరబ్రహ్మం తలూపాడు.

సరదాకే అయితే పడకపోయినా పోయేది. కానీ రూమ్‌లో లింబాద్రి ఉన్నాడు. ఒకే ఊరు, బావ వరస. టైఫాయిడ్ నుంచి లేచాడు గానీ మెస్ పప్పు నోట పెడితే కక్కేస్తున్నాడు. చేపల పులుసైతే తింటానంటాడు. ఇలాగే మంచం మీద ఉంటే కంపెనీ వాళ్లు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. వీసా కోసం చేసిన అప్పు అక్కడ నోరు తెరుచుకుని ఉంది. చేప నేను తెస్తా బావా, అని పోచన్న మాటిచ్చాడు.

అందుకే సిగ్గు విడిచి అడిగాడు.

"ఎట్లాగు ఇడుస్తనే ఉన్నరు గద సారూ. మా లింబాద్రికి ఒక్కటన్న ఇయ్యుండ్రి."

వీరబ్రహ్మం చేపను నీళ్లలోనే పట్టుకుని, అది తేరుకునేదాకా ఆగి, మెల్లగా వదిలాడు.

"ఇవి ఇంకా పిల్లలప్పా. పెరగనీ."

తర్వాత మీది ఏ క్యాంపు, అక్కడ వండేదెవరు అని అడిగాడు. చేప ఇవ్వని మనిషికి ఈ ఆరాలన్నీ ఎందుకో పోచన్నకు అర్థం కాలేదు. ముక్తసరిగా చెప్పి ముఖం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే మెస్‌కు చేపలొచ్చాయి.

మంచి పెద్ద చేపలు, సముద్రం వాసన ఇంకా పోనివి. వంటమనిషి అజ్మత్ నిజామాబాద్ వాడు. చింతపండు పోసి పులుసు పెట్టి, మొదటి గిన్నె లింబాద్రి మంచం దగ్గరికే తీసుకొచ్చాడు. ఎక్కడివని పోచన్న అడిగితే, పడవోళ్లు ఇచ్చిపోయిండ్రు భాయ్, తిను అన్నాడు.

లింబాద్రి గిన్నె నాకినంత పని చేశాడు. పోచన్న కళ్లు తుడుచుకున్నాడు.

అప్పటి నుంచి ఏ శుక్రవారమూ చేపలు రావడం తప్పలేదు. ముక్కూ మొహం తెలియని పడవవాళ్లకున్న దయ సాటి తెలుగువాడికి లేకపోయిందని, పోచన్న ఓ రోజు వీరబ్రహ్మం ముందే అనేశాడు.

ఆయనకు కోపం రాలేదు.

"తిన్న్యాడా?" అన్నాడు.

"తిన్నడు."

"పులుపు సరిపోయిందంటనా?"

ఈయనకు బొత్తిగా రోషం లేదనుకున్నాడు పోచన్న.

లింబాద్రి ముఖానికి రంగొచ్చింది. మెట్లు దిగాడు, బట్టలు ఉతుక్కున్నాడు, చివరికి డ్యూటీ కూడా ఎక్కాడు.

ఆ వారం సెలవు రోజు పొద్దున అజ్మత్ పోచన్నను పిలిచి పొడుగాటి డబ్బా చేతిలో పెట్టాడు. కడప సారు నిన్న వచ్చి ఇచ్చాడట. పని అయిపోయింది, ఇండియా వెళ్లిపోతున్నాడు, ఇక రాడట.

పోచన్న డబ్బా మూత తీశాడు. ప్రాణమన్న కర్రనే ఇచ్చిపోయాడు.

నీటిపాయ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాడు. కర్ర బిగించి, ఆయన చేసినట్టే మణికట్టు ఆడించాడు. చాలాసేపు దారం తన టోపీకే చిక్కుకుంది. ఆఖరికి ఒక చేప పడింది. ఆ సన్నటి కర్ర వంగి వణుకుతుంటే చేప ప్రాణమంతా అరచేతిలోకి వచ్చినట్టైంది. ఇందుకా ఈయన ఇన్నాళ్లూ ఇక్కడ నిలబడింది అనుకున్నాడు.

చేప అరచేతంత ఉంది. పోచన్నకు పులుసు గుర్తొచ్చింది. కానీ సాయంత్రం పడవవాళ్ల చేపలు ఎలాగూ వస్తాయి. దీన్నెందుకు, పిల్లది.

నీళ్లలో పట్టుకుని, తేరుకునేదాకా ఆగి, వదిలేశాడు. సారు మీద మొదటిసారి ప్రేమ పుట్టుకొచ్చింది. మనిషి మంచోడే, చెయ్యే కాస్త పిసినారి అనుకుని నవ్వుకున్నాడు.

సాయంత్రం మెస్‌లో లింబాద్రి పక్కన కూర్చుని కంచం చూసుకున్నాడు. పప్పు.

"పడవోళ్లు ఇంక రాలేదా అజ్మత్ భాయ్?"

అజ్మత్ గరిటె పక్కన పెట్టి అతని వైపు చూశాడు.

"ఏ పడవోళ్లు భాయ్, గా సారే మార్కెట్ల కొని తెచ్చేటోడు, కొన్నవని తెలిస్తే పోచన్న పొయ్యి ఎక్కనియ్యడు చెప్పకు అన్నడు."