పన్నెండు ఫైళ్ల మామ

షష్టిపూర్తి దండలు మెడలో వేసుకుని నవ్వుతున్న మామ, కాసిని పేజీలు తిప్పేసరికి హాఫ్ ట్రౌజరుతో బడి మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

అనుప్రియ పుస్తకం మూసి మళ్లీ తెరిచింది. మామ పెద్దవాడు కాలేదు. శివకాశిలో అచ్చయి అప్పుడే దిగిన కట్టలు కల్యాణ మండపం గుమ్మంలో ఉన్నాయి. లోపల మైకు సరిచేస్తున్నారు. ఇంకాసేపట్లో ఆవిష్కరణ.

తప్పెక్కడ జరిగిందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. శ్రీరంగరాజా మామ తన జీవితాన్ని పన్నెండు అధ్యాయాలుగా, ఒక్కోటి ఒక్కో ఫైలుగా పంపాడు. ఆమె వాటికి అంకెలనే పేర్లుగా పెట్టి, అన్నిటినీ ఒకేసారి పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్‌లోకి లాగి ఒక్క పుస్తకంగా కలిపింది. ఆ సాఫ్ట్‌వేర్ మహాతల్లికి ఒకటి అంకెతో మొదలయ్యేవన్నీ ఒక కులమే. ఒకటి తర్వాత పది, పదకొండు, పన్నెండు నిలబెట్టి, ఆ తర్వాత తీరిగ్గా రెండుకు చోటిచ్చింది. పైగా అధ్యాయాల నంబర్లూ పేజీల నంబర్లూ తనే వరసగా వేసి, జరిగిన ఘోరాన్ని చక్కగా కప్పిపుచ్చింది.

ప్రూఫు మామకే ఇచ్చింది. ఆయన కాఫీ చల్లారేలోగా తిరిగిచ్చి, "భేషుగా ఉన్నది పాపా, అచ్చుకు పంపు" అన్నాడు. మేనకోడలి మీద నమ్మకం! ఆ నమ్మకం తలచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

నాన్న మాట వేరే ఉంది. "డీటీపీ షాపు పెట్టినావు, సరి. ఈ మొదటి పుస్తకంతో మన పేరు పోయిందంటే షట్టరు దించేసి మిల్లు ఆఫీసులో చేరాల్సిందే." మిల్లు ఆఫీసులో ఆమెకోసం కుర్చీ తుడిచి ఉంచారు కూడా.

ఇంతా చేసి, తరాలుగా తమిళనాట ఉన్న వంశంలో ఇది మామూలు పుస్తకమా? "తమిళంలో అయితే ఎవరైనా వేస్తారు పాపా. మన ఇంట్లో మాట్లాడే తెలుగులో నా కథ రావాల" అని మామ పంతం పట్టాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఫోనుకు తన జీవితం చెప్పేవాడు. ఫోను దాన్ని తెలుగు అక్షరాలుగా మార్చేది. మధ్యలో కాకుల్ని తోలేవాడు, కాఫీ ఆలస్యమైతే మంగళం అత్త మీద కేకలేసేవాడు, మళ్లీ కథలోకి వచ్చేవాడు.

అనుప్రియ పరుగెత్తి, పట్టుపంచెలో మెరిసిపోతున్న మామను పట్టుకుంది.

"మామా, ఒక్క మాట."

"సాపాటు అయినంక చెప్పు. మొదట పుస్తకాలు లోపలికి పంపు."

"పుస్తకం గురించే మామా. ఈరోజు వద్దు. వచ్చే వారం పెట్టుకుందాం."

"ఏంది పాపా, ఊరంతా వచ్చి కూర్చున్నారు. పో, పో!"

ఆవిష్కరణ అయింది. పుస్తకాలు పంచారు. మండపం మొత్తం తలలు వంచి పేజీల్లో మునిగింది. వంశంలో పెద్దవాడు వేంకటాద్రి తాత కళ్లద్దాలు పెట్టుకుని, వేదిక మీదే పుస్తకం తెరిచి, వేలు ప్రతి పంక్తి కింద నడిపిస్తూ తల పంకించాడు. ఆ వేలు మొదటి అధ్యాయం దాటుతుంటే అనుప్రియ చూడలేక తల తిప్పుకుంది.

తాత మైకు అందుకున్నాడు. "మన శ్రీరంగ జీవితం ఏరు మాదిరి వరసగా పారింది. ఎక్కడా ఒక తడబాటు లేదు!"

ఎత్తిపొడుపే. అనుప్రియ స్తంభం చాటుకు తప్పుకుంది. అక్కడ జానకియమ్మాళ్ అత్త పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"రొంబ బాగా కట్టినావు పాపా. చదవతా ఉంటే ఏడుపు ఆగలేదు."

"ఏ చోట అత్తా?"

"అన్ని చోట్లా!"

వీళ్లందరికీ తెలిసిపోయింది, మామ మొహం చూసి కడుపులో పెట్టుకుంటున్నారు అనుకుంది అనుప్రియ. ఆ మంచితనం ఆమెకు తిట్లకన్నా ఎక్కువ గుచ్చుకుంది. సాపాటు పంక్తిలో వేంకటాద్రి తాత ఆమెను పిలిచాడు.

"నా కథ కూడా నువ్వే వేయాల. తెలుగులోనే. అచ్చం ఇదే మాదిరి!"

ఇక ఆమెవల్ల కాలేదు. చేతులు కడుక్కుంటున్న మామ దగ్గరికెళ్లి అంతా చెప్పేసింది. ఫైళ్లు, అంకెలు, షష్టిపూర్తి తర్వాత బడి. చెప్పేసరికి కళ్లనీళ్లు కారిపోయాయి.

మామ కొళాయి కట్టేశాడు. "ఎట్ల కనిపెట్టినావు?"

"ఫోటోలు చూసి మామా."

"ఎవరికైనా చెప్పినావా?"

"లేదు."

"చెప్పవద్దు."

"నేను చెప్పకుంటే మాత్రం? ఈరోజు ఊరుకున్నారు. రేపు ఇంట్లో కుదురుగా చదివినోళ్లు అడగరా?"

మామ పంక్తిలోకి తొంగిచూశాడు. విస్తరి పక్కనే పుస్తకం తెరుచుకుని, పాయసం కూడా మరిచి చదువుతున్న బంధువులను ఒకసారి చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"తెలుగు చదివేది మనలో ఎవరికి వచ్చు పాపా?"