సిపాయి మోషే ఎడమ కాలు

మా ముత్తాత సిపాయి మోషే విగ్రహానికి ఒక్క కాలే పెట్టించారు, వీరభద్రయ్యగారూ.

ఏ కాలు తీసెయ్యాలని శిల్పి అడిగితే, తడుముకోకుండా ఎడమదన్నారట.

"ఆ కాలు బర్మా యుద్ధంలో దేశానికిచ్చేసేరండీ, ఆయ్!" అని మీరు మైకులో అంటుంటే, కొబ్బరి దింపు మానుకుని వచ్చిన మా పేటంతా చప్పట్లు కొట్టింది.

మా నాయనమ్మ మాత్రం పగలబడి నవ్వింది. "బర్మా నించి రెండు కాళ్లతోనే దిగేడ్రా మా మావ. బూట్లేసుకుని ఆళ్ల వీధిలో నడిచేడని ఈయన తాతే ఎడంకాలు నరికించేడు. ఆ పుండుతోనే పోయేడు."

రెండో కాలు బూటుతో సహా పెట్టించండి. విగ్రహాన్ని మీ వీధివైపు తిప్పండి. ఆదివారం ఆరాధన అయ్యేలోగా జవాబు రాయండి. లేకపోతే జవాబు కోసం పేటంతా మీ వీధిలోకే వస్తాం, చెప్పులేసుకుని.